పేపర్లో కోలుకున్న మనిషి

సూరత్‌లోని ఉధ్నాలో మేముండే గదికి తెలుగు పేపరు రెండు రోజులు ఆలస్యంగా చేరేది. రైల్లో వచ్చిన కట్టలోంచి ఒక కాపీని స్టేషను బయట పాన్ డబ్బా అతను మా నాన్న కోసం తీసిపెట్టేవాడు. నాన్న కార్ఖానాలో కరెంటు మగ్గాలు, మా మాటలో సాంచాలు, నడిపేవాడు. సెలవు రోజున మా జిల్లా వాళ్లు నలుగురైదుగురు గదిలో కూర్చుంటే, పేపరు మొదటి అక్షరం నుంచి అడుగున ముద్రాపకుడి పేరు దాకా పైకి చదివేవాడు. ఎవరైనా నమ్మనట్టు ముఖం పెడితే ఒకటే మాట అనేవాడు.

"పేపర్ల పడ్డదంటే అబద్ధం గాదు."

అన్నేళ్లలో ఆ పేపరు మా గురించి ఒక్క ముక్క రాయలేదు. సాంచాల చప్పుడుకి చెవులు పోయిన వాళ్లు, మగ్గం పట్టీలో పడి వేళ్లు పోయిన వాళ్లు ఆ గదిలోనే కూర్చుని, మంత్రిగారు ఏ ఊళ్లో రిబ్బను కత్తిరించారో శ్రద్ధగా వినేవారు. నాకది అప్పుడే ఒళ్లు మండే విషయం. నాన్నకు అలా అనిపించేది కాదు.

ఆ తర్వాత పేపర్లకు జిల్లా పేజీలు వచ్చాయి. మండలానికో విలేకరి తయారయ్యాడు. ఎనిమిది పేజీలు రోజూ నిండాలి. నింపడానికి అన్ని సంగతులు ఏ జిల్లాలోనూ రోజూ జరగవు. ఆ ఖాళీ ఎంత ప్రమాదమో మాకు ప్లేగు ఏడాది తెలిసింది.

సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. చచ్చినవాళ్ల సంఖ్య గుజరాతీ పేపర్లో ఒకటి, హిందీ పేపర్లో ఇంకొకటి. మా గల్లీ వాళ్లు రెండూ కలిపి చెప్పుకున్నారు. కార్ఖానాలు మూసేశారు. అమ్మ, నాన్న, నేను నిలబడే రెండు రైళ్లు మారి సొంతూరు చేరాం. ఊరి మొదట్లోనే ఆపేశారు. పొలాల పక్కన ఉన్న బడిలో ఉండమన్నారు. నాన్న సొంత అన్న అన్నం గిన్నె తెచ్చి, అల్లంత దూరంలో నేలమీద పెట్టి వెనక్కి జరిగాడు. సర్కారు డాక్టరు వచ్చి ముగ్గురినీ చూసి ఏ జబ్బూ లేదని చీటీ రాసిచ్చాడు. అయినా కొన్నాళ్లు అక్కడే ఉండాలన్నారు.

మూడో రోజు విలేకరి మోపెడ్ మీద వచ్చాడు. మెడలో కెమెరా. నాన్న ముఖం వెలిగిపోయింది. ఉతికిన చొక్కా వేసుకుని తల దువ్వుకుని వచ్చాడు. విలేకరి ఆ చొక్కాను చూసి నిరాశ పడ్డాడు.

"కాకా, మూతికి జర తువ్వాల కట్టుకో."

"ఎందుకు సార్, నాకేం లేదు గద."

"ఫొటో మంచిగొస్తది. గోడకు ఒరిగి కూసో. తల జర కిందికి వంచు."

అమ్మ గుమ్మంలోంచి, "గదంత ఎందుకయ్యా," అంది.

"నీకు తెల్వది. పేపరోళ్లకు తెలుస్తది," అన్నాడు నాన్న, తువ్వాలు బిగించుకుంటూ.

మర్నాడు జిల్లా పేజీలో మొదటి వార్త మేమే. జిల్లాలోకి ప్లేగు అని పెద్ద అక్షరాలు. కింద నాన్న ఫొటో, దాని కింద 'మంచం పట్టిన సూరత్ కార్మికుడు'. ఆ బడిలో మంచమే లేదు. ఆ రోజు నుంచి పెదనాన్న అన్నం తేవడం మానేశాడు. ఎవరో పెద్దామె బియ్యం మూట గేటు దగ్గర పడేసి వెళ్లింది.

బయటికి వదిలాక నాన్న డాక్టరు చీటీ, ఆ పేపరు పట్టుకుని పట్నంలో ఉన్న పేపరాఫీసుకు వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. అక్కడి పెద్దమనిషి చాయ్ తాగుతూ అంతా విన్నాడు.

"నీ పేరేమన్న ఏసినమా? లేదు గద. ఇంకేం పోయింది?"

"మొఖం ఏసిండ్రు గద సార్."

"మొఖానికి తువ్వాల ఉన్నది గదనయ్యా."

నాన్న డాక్టరు చీటీ తీసి బల్లమీద పెట్టాడు. పెద్దమనిషి సవరణ వేస్తామని చెప్పి మమ్మల్ని పంపేశాడు. వేశారు కూడా. వారం తర్వాత, ఎరువుల ప్రకటన పక్కన ఒక్క వాక్యం: 'సూరత్ నుంచి వచ్చిన కార్మికుడు కోలుకున్నాడు.'

రాని జబ్బు నుంచి నాన్న అలా కోలుకున్నాడు. ఆ సాయంత్రమే పెదనాన్న వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "పేపర్ల చూసిన తమ్మీ, తక్కువైందట గద," అన్నాడు. ఉధ్నాకు తిరిగొచ్చాక సెలవు రోజున మనుషులు వచ్చి కూర్చుంటే, "మీరే సదువుకోన్రి," అని నాన్న పక్కకు తిరిగి పడుకున్నాడు. రెండు మూడు వారాలు చూసి వాళ్లూ రావడం మానేశారు. నాన్న ఇంకో పదిహేనేళ్లు బతికాడు. గుండెపోటుతో పోయాడు.

నేనిప్పుడు ఇక్కడే సూరత్‌లో మున్సిపాలిటీ తెలుగు బడిలో టీచర్ని. నా దగ్గర చదువుకున్న ఒకతను ఊరి బయట కడోదరాలో ఉంటూ తెలుగువాళ్ల కోసం ఫోన్లో వీడియోల ఛానెల్ నడుపుతున్నాడు. మొన్న మైకు పట్టుకుని ఇంటికొచ్చాడు.

"టీచర్, పాత రోజుల్ల జర్నలిజం ఎంత పవిత్రంగ ఉండె. జర చెప్పున్రి."

పవిత్రం అన్న మాట వినగానే నాకు చిర్రెత్తింది. ఈ కథంతా అరగంట చెప్పాను. మీకు సిగ్గు లేదు, వాళ్లకూ లేదు, వాళ్లకు అచ్చుతప్పులు మాత్రం తక్కువ అని కూడా అన్నాను. అతను భక్తిగా తలూపాడు. మధ్యలో ఒకసారి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాను. వీధిలో రోడ్డు తవ్వుతున్నారు, ఒకటే దుమ్ము.

సాయంత్రానికి వీడియో వచ్చింది. వెనక ఏడుపు సంగీతం. 'ప్లేగుతో తండ్రిని పోగొట్టుకున్న టీచర్ కన్నీటి కథ.' నేను కళ్లు తుడుచుకోవడాన్ని మూడుసార్లు చూపించాడు. వెంటనే ఫోన్ చేశాను.

"మా బాపు ప్లేగుతోని చావలేదురా."

"నాకు తెలుసు టీచర్. చూసెటోళ్లకు తెల్వది గద. గట్ల పెడితెనే చూస్తరు."

తీసెయ్యమన్నాను. మారుమాట్లాడకుండా తీసేశాడు. మర్నాడు పొద్దున కొత్త వీడియో పెట్టాడు: 'టీచర్ ఆ వీడియో ఎందుకు తీసేయించింది? ఆమె వెనక ఎవరున్నారు?' మొదటిదాన్ని మించి చూశారట.

బడికి వెళ్లేసరికి లెక్కల టీచరు దాన్నే చూస్తోంది. నన్ను చూసి కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి అడిగింది.

"నాకొక్కదానికి చెప్పు. ఎవరున్నరు?"