సినిమాలో లేని ముసలమ్మ

మొన్న ఆదివారం మా మనవరాలు అబిడ్స్‌లో రోడ్డువార పరిచి అమ్మే పాత పుస్తకాల్లోంచి, అట్ట ఊడిపోయిన ఒక వెండితెర నవల తెచ్చి నా ఒళ్లో పడేసి, దీనిమీద ఉన్నది చిన్నతాతయ్య పేరే కదా, చంద్రమండలం కథలు రాసిన మనిషి సినిమా కథ ఎందుకు రాశాడు అని అడిగింది. వెండితెర నవలంటే ఏమిటో మీకూ నాకూ తెలుసుగాని ఈ కాలం పిల్లలకేం తెలుస్తుంది! సినిమా విడుదలైన వారానికల్లా ఆ కథను నవలగా రాసి, మధ్యలో నాలుగు బొమ్మలు వేసి, హాలు గేటు దగ్గరా స్టేషన్లోనూ అమ్మేవారు. సినిమాకి వెళ్లలేనివాళ్లు అదే సినిమా అనుకుని చదువుకునేవారు, వెళ్లొచ్చినవాళ్లు మళ్లీ చూసినట్టుంటుందని కొనుక్కునేవారు.

చిన్నతాతయ్య అంటే మా మరిది. రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో మావారి ఉద్యోగం కోసం గుడివాడ వైపు నుంచి వచ్చి, నాంపల్లి స్టేషనుకి దగ్గర్లో రెండు గదుల పోర్షన్లో దిగాం. కొన్నాళ్లకి మరిది కూడా మా దగ్గరికే వచ్చి ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. పగలంతా ఫైళ్లు, తెల్లవారుజామునే లేచి కథలు. మాట్లాడే కత్తులూ, ఎగిరే పడవలూ, పాతాళంలో పట్టణాలూ, వాటిమీదున్న ధ్యాస అతనికి అన్నం మీద ఉండేది కాదు. అన్నిటికంటే ప్రాణం పెట్టి రాసుకున్నది మాత్రం చంద్రుడి మీదికి పోయే ఓడ కథ. దానికి మూడేళ్లు పట్టింది. అబిడ్స్ సందులో పుస్తకాల దుకాణం నడిపే పెద్దాయన, తాతల నాటి నుంచి ఈ ఊరివాడే, ఆ కాగితాల కట్ట తన అల్మారాలో పెట్టుకుని, ముందు ఒక వెండితెర నవల రాసివ్వు, అది మాట రాకుండా అమ్ముడుపోతే నీ చంద్రుణ్ణి అచ్చువేస్తానన్నాడు. ఆ రోజు మరిది ఇంటికి నడిచి రాలేదు, ఎగిరి వచ్చాడు.

మామూలుగా సినిమావాళ్లే కథ కాగితాలు ఇస్తారట. ఆసారి అవి రాలేదు, పుస్తకానికేమో వారమే గడువు. చీకటి హాల్లో కూర్చుని రాసుకోవడం కుదరదు గనక, మరిది నన్ను వెంటబెట్టుకుని మ్యాటనీకి తీసుకెళ్లాడు. నేను చదివింది మూడో తరగతే అయినా, ఒకసారి చూసింది మరిచిపోయే రకాన్ని కాదు. నా పెళ్లికి ఎవరు ఏ రంగు చీర కట్టుకొచ్చారో ఇప్పటికీ చెప్పగలను. తిరిగి వచ్చేటప్పుడు మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం పెట్టించాడు. అది లంచమని మర్నాడు పొద్దున్న అతను కాగితాలు పట్టుకుని వంటింటి గడపలో కూర్చుని, సినిమా అంతా చెప్పమన్నప్పుడు గాని తెలియలేదు.

అయితే ఈలోగా ఒక పని జరిగిపోయింది. మా వాకిట్లో ఆడవాళ్లు, ఎవరు సినిమా చూసొచ్చినా కూర్చోబెట్టి మొత్తం చెప్పించుకునేవారు. ఆ సాయంత్రమే నాలుగుసార్లు చెప్పాను. కథలో మాంత్రికుడు రాజకుమారిని తలుపే లేని గాజుగుహలో పెడతాడు, తరువాత చూస్తే ఆమె రాకుమారుడి గుర్రమెక్కి పోతూ ఉంటుంది. పక్క పోర్షన్ ఆవిడ ఊరుకుంటుందా! “తలుపే లేదంటివి గదక్కా, మరి ఎట్ల బయటపడ్డది?” అని నిలదీసింది. ఆవిడ నోరు మూయించడానికి ఒక కాపలా ముసలమ్మను పెట్టాను. రాజకుమారి ఆమెను వదిలిపెట్టమని బతిమాలదు, అన్నం తిన్నావా అవ్వా అని అడుగుతుంది. ఏళ్ల తరబడి ఆ మాట అడిగినవాళ్లు లేక ముసలమ్మ బావురుమని, తనకొక్కదానికే తెలిసిన దొంగదారి చూపిస్తుంది. ఒక్కోసారి చెప్పేటప్పుడు ఒక్కో ముక్క కలుస్తూ, నాలుగోసారికి ఆ ముసలమ్మను నేను కళ్లారా చూసినట్టే అయిపోయింది. మరిదికీ అలాగే చెప్పాను. పక్కనే కూర్చుని చూసినవాడికి అనుమానం రాలేదా అంటే, గుహ వచ్చేసరికి అతను చంద్రుడి మీద గుహలు ఎలా ఉంటాయా అని ఆలోచిస్తూ కూర్చున్నాడట!

పుస్తకం వచ్చింది, బాగా పోతోందన్నారు. పది రోజులకి దుకాణం పెద్దాయన చెమటలు కక్కుతూ మా ఇంటికే వచ్చాడు.

“ఏందయ్యా గిది? నీ బుక్కు సదివి జనం టాకీసుకు పోయి, ముసలమ్మ సీను కోసిన్రని మేనేజరుతోని కొట్లాడుతున్రు! గా సీను యాడున్నది?”

మరిది బెదురుగా నా వంక చూశాడు. “ఉంది కదా వదినా?”

“ఉండకపోవడమేమిటి! ఆవిడ పసుపుపచ్చ చీర కూడా కట్టుకుంది” అన్నాను నేను, అంత ధీమాగా.

“నల్ల తెల్ల సినిమాల నీకు పసుపుపచ్చ యాడ కనబడ్డదమ్మా?”

పెద్దాయన లేచి, రేపొచ్చి నీ చంద్రుని కట్ట తీస్కపో అన్నాడు. మరిది మూడేళ్ల కష్టం నా వాగుడుతో పోయేలా ఉంది. పెద్దాయన్ని ఆపి కూర్చోబెట్టి, టీ గ్లాసు ముందు పెట్టి, తప్పు నాది అన్నయ్యగారూ, అతను నన్ను నమ్మాడంతే, కోపం నామీద చూపించండి, అతని పుస్తకం మీద కాదు అన్నాను. ఆయన టీ ఊదుకుంటూ రెండు గుక్కలు తాగాడు.

“గది సరేగానీ, రాజకుమారి పోయినంక గా ముసలమ్మకు అన్నమెవరు పెట్టిన్రు? మా అమ్మ రెండుసార్లు సదివిచ్చుకొని, గదే అడుగుతున్నది.”

చెప్పాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా చెప్పాను. ఆయన మరిది వైపు తిరిగాడు.

“నీ చంద్రుని ఓడల వంట ఎవరు చేస్తరయ్యా?”

“వంట ఉండదండీ. మాత్రలు మింగుతారు.”

“గోలీలు మింగెటోళ్ల ముచ్చట ఎవడు సదువుతడు! మీ వదినెను కూసోబెట్టుకొని జర మళ్ల రాయి. అచ్చేస్త.”

తన కథలో ఒక్క అక్షరం మార్చమన్నా ఒప్పుకునే మనిషి కాదు మరిది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అన్నం పెడితే తిని లేచిపోయాడు. మూడోనాడు పొద్దున్న నేను వంకాయలు తరుగుతుంటే కాగితాలు పట్టుకుని వచ్చి గడపలో కూర్చుని, “వదినా, ఓడలో పొయ్యి ఎక్కడ పెడదాం?” అన్నాడు.

అలా అచ్చయింది చంద్రుడి పుస్తకం. ఆ తరువాత తన కథలు పదీ పన్నెండు, వెండితెర నవలలు అంతకు రెట్టింపు రాశాడు. సినిమా చెప్పేముందు మాత్రం, ఇది చూసిందా, కలిపిందా అని ప్రతి సీనుకీ నన్ను అడిగేవాడు. తమాషా ఏమిటంటే, ముసలమ్మను తీసేసి మళ్లీ అచ్చువేస్తే, జనం ముసలమ్మ ఉన్నదే కావాలని దుకాణం ముందు నిలబడ్డారట. నిజంగానే మనుషులు చంద్రుడి మీద దిగారని రేడియోలో చెప్పినప్పుడు, వీధిలో పిల్లలంతా వచ్చి, వాళ్లకి అన్నం ఎవరు వండారని మరిదిని అడిగారు. నిజంగా మాత్రలే అయ్యుంటాయని చెప్పలేక పాపం ఇంట్లోకి తప్పుకున్నాడు.

మరిది పోయి చాలా కాలమైంది. ఇప్పుడు సినిమా ఎన్నిసార్లంటే అన్నిసార్లు చూడొచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు, ఏ సీను ఉందో ఏది లేదో తగువే రాదు. మంచిదే, కాదనను. కానీ ఇప్పుడు ఎవరి ఇంట్లో చూసినా అదే సినిమా. మా రోజుల్లో ఒకే సినిమా, చెప్పేవాళ్ల నోటినిబట్టి ఒక్కో వాకిట్లో ఒక్కో రకంగా ఆడేది.