కెరటం మీద నిలబడ్డ రోజు

మొన్న ఆదివారం మా మేనకోడలు నన్ను పెందుర్తి నుంచి కారెక్కించుకుని ఋషికొండ బీచికి తీసుకెళ్ళింది. అక్కడ కాలేజీ పిల్లలు రంగురంగుల సర్ఫింగ్ బోర్డులు చంకన పెట్టుకుని నీళ్ళలోకి పరిగెడుతున్నారు. ఒకమ్మాయి కెరటం మీద లేచి నిలబడగానే ఒడ్డున ఉన్న స్నేహితులంతా కేకలు పెట్టి ఫోన్లలో వీడియో తీశారు. "నేనూ చేసేదాన్ని ఇది," అన్నాను. మేనకోడలు నా మోకాలి పట్టీ వైపు చూసి, "సరే అత్తా, కొబ్బరి బొండం తాగుతావా?" అంది.

నేను చెప్పింది నిజం. నాన్నకి పోర్టులో ఉద్యోగమై గోదావరి పక్క నుంచి ఈ ఊరొచ్చి, జాలరిపేటకి దగ్గర్లో అద్దెకి దిగాం. నేను ఇంటర్లో చేరాను. నోరు తెరిస్తే చాలు, నా యాసకి వెనక బెంచీ మొత్తం "ఆయ్!" అని నవ్వేది. దాంతో మాటలే తగ్గించేశాను. ఆ రోజుల్లోనే ఎవరో విదేశీ నావికుడు వదిలేసిన పొడుగాటి పలకొకటి నాన్న రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చారు. ఎందుకు తెచ్చారో ఆయనకీ తెలీదు. అమ్మ దాన్ని డాబా మీద పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. సముద్రంలో దాని మీద మనుషులు నిలబడతారని నాన్న చెబితే, "నిలబడ్డానికి నేల కరువైందా వాళ్ళకి?" అంది.

కాలవలో ఈత నేర్చిన దాన్ని, ఊరుకోలేకపోయాను. వడియాలు ఎండాక నాన్న పాత ప్యాంటు నడుముకి తాడుతో బిగించుకుని, పలక నెత్తిన పెట్టుకుని తెల్లవారే ఒడ్డుకి పోయాను. పడవల కోసం తట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక చేపలామె నన్ను ఎగాదిగా చూసింది. "ఏటే పాపా, సచ్చిపోదామనొచ్చీసావేటి?" కాదని, దీని మీద నిలబడాలని చెప్పాను. పడీపడీ నవ్వింది. "అయితే ఎల్లు. నానిక్కడే సూత్తంటాను. కేకేత్తే మావోల్ని పంపుతాను."

ఆ వేసవంతా అంతే. నేను పడేదాన్ని, ఉప్పునీళ్ళు మింగేదాన్ని, ఆమె చుట్ట కాలుస్తూ చూసేది. నేను ఆమెని అత్తా అనేదాన్ని. పెద్దగా మాట్లాడుకున్నదీ లేదు. అయినా ఆ ఊళ్ళో నా కోసం కూర్చున్న మనిషి ఆమె ఒక్కతే.

ఈలోగా అమ్మ నా మొహం చూసి గుండెలు బాదుకుంది. "ఇలా నల్లబడిపోతే ఎవడు చేసుకుంటాడే? ఆదివారం పెళ్ళివారొస్తున్నారు. ఈ సముద్రం తిరుగుళ్ళు రేపటితో సరి."

ఆ మర్నాడు అత్త రాలేదు. ఒక్కదాన్నే దిగాను. ఎక్కడి నుంచో ఒక కెరటం వచ్చి పలకని ఎత్తుకుంది. మోకాళ్ళ మీద లేచాను, తర్వాత పాదాల మీద. పడలేదు! కాళ్ళ కింద సముద్రం పరిగెడుతోంది, ఒడ్డు నా వైపు వచ్చేస్తోంది. నవ్వుతూ ఒడ్డుకేసి చూశాను. బోర్లించిన పడవలు, రెండు కుక్కలు. ఇంకెవరూ లేరు. తడి ఇసకలో కూర్చుని ఎంతసేపు ఏడ్చానో.

సాయంత్రం చేపల తట్టతో అత్త మా వీధిలోకొచ్చింది. కూతురికి నొప్పులొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళిందట. పరిగెత్తుకెళ్ళి చెప్పాను. "కానీ నువ్వు చూడలేదుగా," అన్నాను. తట్ట దించి, నీచు వాసన చేత్తో నా చెంప నిమిరింది. "నాను సూడకపోతే ఏటైంది? నువ్ నిల్చున్నానన్నావ్, నిల్చున్నావ్. అంతే."

పెళ్ళివారికి నేను నచ్చాను. సముద్రం లేని ఊరికి కాపరానికి వెళ్ళాను. మా ఆయనకి చెబితే, "కలొచ్చుంటుంది నీకు," అన్నారు. ఆయన పోయాక ఈ ఊరు తిరిగొచ్చి, జాలరిపేటలో అత్త కోసం వాకబు చేశాను. పేరు అడిగి ఉంచుకోలేదు నేను. వల బాగుచేసుకుంటున్న ఒకామె తలెత్తి, "ఏ అత్తమ్మా? ఇక్కడందరూ అత్తలే," అంది.

అమ్మా నాన్నా లేరు, ఆమె ఉందో లేదో తెలీదు. ఒక సంగతి జరిగిందని చెప్పుకోవడానికి కనీసం ఇద్దరుండాలి. కాలం చివరికి ఒక్కరినే మిగులుస్తుంది.