ఈదమ్మ కిటికీకి మిగిలిన పీలికలు

మా ఇటిక్యాల దిక్కు పల్లెల్లో కళ్లు పచ్చబడితే చాలామంది దవాఖాన కంటే ముందు ఈదమ్మ ఇంటికే వెళ్లేవాళ్లు. నేనూ వెళ్లాను. ముప్పై రెండేళ్లు పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణే, కామెర్లు రాగానే పరగడుపున ఆమె గడపలో బుద్ధిగా కూర్చున్నాను. మీరు నవ్వుకోండి, నాకేం బాధలేదు. పైగా ఆ పసరు తాగే లేచానని ఇరవయ్యేళ్లు కనపడ్డవాళ్లందరికీ చెప్పాను. ఆ మాటలో తప్పెక్కడుందో నాకు నేర్పింది మళ్లీ ఈదమ్మే. అక్షరం ముక్క రాని మనిషి.

ఆమె మందుకు ఒక పద్ధతి ఉండేది. మూడు పొద్దులు ఆకుపసరు. పదిహేను రోజులు పథ్యం: ఉప్పు, నూనె, పప్పు ఏవీ లేకుండా పలచటి జావ. వేరే మందు ముట్టకూడదు. మొదటిరోజు రోగి తన ఒంటిమీది బట్ట అంచు వేలెడు చించి, పసుపునీళ్లలో ముంచి, ఆమె ఇంటి ముందు కిటికీ ఊచకు కట్టాలి. కళ్లు తెల్లబడ్డాక తనే వచ్చి తన చేత్తో విప్పుకోవాలి. ఆ పీలికను బీచుపల్లి వెళ్లినప్పుడు కృష్ణలో వదిలేస్తారు. ఎవరి దగ్గరా ఆమె ఏమీ తీసుకునేది కాదు.

"నా చేతి మందు తాగి లేవనోడు లేడు సారూ" అనేది. ఎదురిల్లే కనుక, వచ్చి విప్పుకునేవాళ్లను నేనూ చూసేవాణ్ణి. వారానికి ఒకరో ఇద్దరో, నవ్వుకుంటూ వచ్చేవాళ్లు. విప్పకుండా మిగిలిపోయినవీ కొన్ని ఉండేవి. వాటి సంగతి అడిగితే, "నయమైనంక ఎవనికి గుర్తుంటది? మా అత్త కాలంల గూడ గంతే" అనేది. నేనూ తలూపేవాణ్ణి.

పోయినేడు వానలు మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం అలంపూర్ నుంచి మెహబూబీ వచ్చింది. గాజుల దుకాణం ఆమెది. భర్త ఫకీర్ సైకిళ్లు బాగుచేసేవాడు. అంతకు ఏడాది ముందు కామెర్లతో వచ్చి పసరు తాగి వెళ్లాడు. నేను మా అరుగు మీద పేపరు చదువుతున్నాను. ఈదమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఏందమ్మా, ఫకీర్ పెండ్లానివి గద" అంది ఈదమ్మ. "ఏడాదైంది, ఇప్పుడు యాదికొచ్చిన్నా? పీలిక ఇప్పనీకె నిన్ను తోలిండా? గది నడ్వదు. ఆయన్నే రమ్మను. కాళ్లు నొస్తున్నయా దొరకు?"

"ఆయన రాడక్కా" అంది మెహబూబీ. "నీ కాడికెల్లి పోయిన పద్దెనిమిదో దినం మట్టిచ్చినం."

ఈదమ్మ చేతిలో గింజ అలాగే ఉండిపోయింది. "నాకెవ్వలు చెప్పలే" అంది.

"నువ్వు అడిగితే గద, చెప్పనీకె."

ఆ మాటలో కోపం లేదు. అందుకే నేను పేపరు మడిచి లేచి దగ్గరికి వెళ్లాను.

పథ్యం తప్పలేదట ఫకీర్. జావ తప్ప ఏదీ ముట్టలేదట. "జరం ఇడుస్తలేదని గోలీలు మింగుతుండె. దినానికి ఎనిమిది, పది. నీకు తెలిస్తే తిడ్తవని దాపెట్టి మింగుతుండె" అంది మెహబూబీ. "ఇప్పుడు కలల నిలవడుతున్నడక్కా. అంగీకి అంచు లేదు. నా తునుక ఆడ్నే ఉండిపాయె, తెమ్మంటడు. వచ్చే శుక్కురారం కాక మీది జుమ్మాకు సాలానా ఫాతెహా, ఏడాది దినం. ఆలోపల ఇప్పుకపోదామని వచ్చిన."

ముగ్గురం కిటికీ దగ్గరికి వెళ్లాం. అంతకు ముందువి ఎండకు చివికి రాలిపోగా, మూడేళ్లవి పద్నాలుగు పీలికలున్నాయి. పసుపులో ముంచినవి కనుక మొదటే అన్నీ ఒక రంగు. ఆ పైన పాలమూరు ఎండ. చొక్కాదేదో చీరదేదో తెలియనంతగా బూడిదరంగుకు తిరిగాయి. మెహబూబీ ఒక్కోదాన్ని వేళ్లతో తడిమి చూసింది.

"ఆ అంగీ ఉంటే తీస్కరా. చింపిన కాడ కలిపి చూద్దాం" అన్నాను నేను, తెలివిగా.

"నలభయ్యో దినమే బట్టలు పంచేసినం సారూ."

ఆమె వట్టి చేతులతో బస్సెక్కింది. ఆ రోజు నుంచి ఈదమ్మ ముందు తలుపు వాడలేదు. చుట్టూ తిరిగి పెరటి తలుపు నుంచే వచ్చేది, పోయేది. కిటికీ మూసేసింది. మూసినా గాలికి పీలికలు రెక్కకు రాసుకునేవి. "ఎవలో గోటితోటి గీకినట్టుంది సారూ. లోపలికి రానియ్యమంటున్నట్టుంది" అంది. పట్టపగలు, పన్నెండింటికి, ఎండలో నిలబడి చెప్పింది ఆ మాట.

మూడోరోజు నా మోపెడ్ దగ్గరికి వచ్చి నిలబడింది. "కట్టినోళ్లు ఎవలెవలో నాకెరుకే. మిగిలిన పదముగ్గురు వాళ్లవి వాళ్లు ఇప్పుకుంటే ఆఖరుకు ఉండేది ఫకీర్‌దే గద. తిరుగుదాం పా."

తీసివేత లెక్క. నా దగ్గర చదువుకున్న ఎంతమందికి తట్టేదో నాకు తెలియదు. నాకైతే సంబరమే అయింది, ట్యాంకు నింపించాను. ఎక్కడికి పోతున్నామో అప్పటికి నాకు అర్థం కాలేదు.

మొదట దొరికింది శంకరయ్య, పత్తిచేనులో. ఈదమ్మను చూసి గొర్రు ఆపాడు. "తిట్టకు ఈదమ్మా. నీ పథ్యం రెండో దినమే ఇడిసిపెట్టిన. కోడికూర తిన్న. పసరు గూడ ఒక్కపొద్దే తాగిన, చేదుకు కక్కిన. ఇంక ఏ మొకం పెట్టుకొని రావాలె?" అన్నాడు. మనిషి రాయిలా దిట్టంగా ఉన్నాడు. నేను పకపకా నవ్వాను. ఈదమ్మ నవ్వలేదు. ఊరు దాటాక నా వీపు వెనక నుంచి మెల్లగా అడిగింది: "తాగనోడు ఎట్ల బతికిండు సారూ?"

బాలన్న ఇంట్లో కోడలు నీళ్లిచ్చింది. "మామ పోయి రెండేండ్లాయె. పథ్యం మీదనే పోయిండు. నువ్వేం జేస్తవమ్మా, ఆయన రాత" అంది. తిట్టినా బాగుండేది. మరో ఊళ్లో రాఘవేందర్ అనే అతను మమ్మల్ని చూడగానే తలుపు వేసుకున్నాడు. వేసేలోపే లోపల గోడమీద దండ వేసిన ఫొటో కనపడింది. అతని భార్య శ్రుతి, ఎనిమిదో నెల కడుపుతో వచ్చి పీలిక కట్టిన పిల్ల. ఈదమ్మ మూసిన తలుపు ముందు చాలాసేపు నిలబడింది. నేను మోపెడ్ అద్దం తుడుస్తూ ఉన్నాను, తుడవడానికి ఏమీ లేకపోయినా.

ఆరు రోజుల్లో పదమూడు ఇళ్లూ అయ్యాయి. పదిమంది బతికే ఉన్నారు. మర్చిపోయినవాళ్లు, సిగ్గుపడ్డవాళ్లు, పథ్యం తప్పినవాళ్లు. ఒక్కొక్కరే వచ్చి ఏ ఊచకు ఎక్కడ కట్టారో గుర్తు చేసుకుని విప్పుకున్నారు. బాలన్న, శ్రుతి, సతీష్ అనే ఆటో అతను, వీళ్లు ముగ్గురూ లేరు. ఫకీర్‌తో నలుగురు. నాలుగు పీలికలు మిగిలాయి. తీసివేత అక్కడితో ఆగిపోయింది.

ఈదమ్మకు ఇక పీలిక సంగతి కాదు, వేరే ప్రశ్న పట్టుకుంది. దాన్ని పల్లె దవాఖానకు తీసుకువెళ్లింది. అక్కడ డాక్టరు పద్మజ, వనపర్తి అమ్మాయి. ఈదమ్మ కుర్చీలో కూర్చోకుండానే నలుగురి సంగతీ చెప్పింది.

"నా మందే సంపిందా బిడ్డా?"

పద్మజ రిజిస్టరు తీసింది. "మూడు వానకాలాల్ల నీ కాడికి ఎందరొచ్చిండ్రు పెద్దమ్మా?" అని అడిగింది.

"రెండు నూర్లకు జర తక్కువ."

"అండ్ల నలుగురు పోయిండ్రు. నీ కాడికి రాకుండ ఒట్టిగ ఇంట్ల పండుకున్నోళ్లు నా రిజిస్టర్ల నూటయాభై మంది. అండ్ల ముగ్గురు పోయిండ్రు. నూటికి లెక్కేస్తే రెండూ ఒక్కతీరే. ఈ కామెర్లు ఎక్కువ ఖరాబు నీళ్లతోటి వస్తయి, వాటంతట అవే పోతయి. లేసినోళ్లు నీకు దండం పెట్టనీకె వచ్చిండ్రు. లేవనోళ్లు ఎట్లొస్తరు?"

"అంటే ఇన్నేండ్లు నేను సగమే చూసిన" అంది ఈదమ్మ.

"పసరు బతికించిందని నువ్వు చెప్పలేవు, సంపిందని నేను చెప్పలేను. నీ కాడికి వచ్చినోళ్లు, రానోళ్లు ఒక్కతీరు రోగులో కాదో గూడ నాకు తెల్వదు. కడుపుతోటి ఉన్నోళ్లకు మాత్రం ఈ కామెర్లు శానా ప్రమాదం. శ్రుతిని మొదటి దినమే పెద్ద దవాఖానకు తోలాల్సుండె."

"ఫకీర్?"

జ్వరం గోలీ సంగతి పద్మజ విడమరిచి చెప్పింది. గోలీ కడుపులో కరిగి రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం మొదట కాలేయానికే పోతుంది. కాలేయం దాన్ని విరగ్గొట్టి బయటికి పంపుతుంది. రెండు మూడు గంటల్లో సగం, ఇంకో రెండు మూడు గంటల్లో మిగిలినదాంట్లో సగం. నాకు ఆగలేదు, మధ్యలో దూరాను: "గొడ్ల తొట్టి అనుకో ఈదమ్మా. పైన బిందెతో పోస్తున్నం, కింద బెజ్జం నుంచి పోతుంది. పోయేంత పోస్తే తొట్టి నిండదు. బెజ్జం పూడింది, బిందెలు పెంచినం. ఏమైతది?"

"పొర్లుతది."

"అండ్ల ఇంకోటుంది" అంది పద్మజ. "విరగ్గొట్టేటప్పుడు జరంత విషం పుడ్తది. కడుపునిండ తిన్న మనిషి కాలేయం దాన్ని చల్లార్చుకుంటది. కామెర్ల కాలేయం, ఉత్త జావ, దినానికి పది గోలీలంటే కష్టం. అట్ల అయిందేమో. రక్తపరీక్ష చెయ్యలే కాబట్టి ఖాయంగ చెప్పలేను."

"జావ నేనే తాగమన్న" అంది ఈదమ్మ. "ఆయన నా మాట ఇన్నడు."

తొట్టి ఉదాహరణ చెప్పినందుకు నాకు సిగ్గేసింది.

ఫాతెహాకు ముందురోజు, గురువారం, మెహబూబీ వచ్చింది. ఈదమ్మ ఏడాది కింద అడగాల్సింది అప్పుడు అడిగింది: చివరి రోజుల్లో ఏం తిన్నాడు, ఏం మాట్లాడాడు, నొప్పి ఎక్కడన్నాడు. అంతా విన్నాక తనకు తెలిసింది దాచకుండా చెప్పింది. "నా పథ్యం తోటే పోయిండేమో చెల్లె. కాదేమో గూడ. డాక్టరమ్మకు గూడ తెల్వదు. నాలుగు మిగిలినయి. ఏది ఆయనదో నేను తేల్చలేకపాయిన."

మెహబూబీ కిటికీ దగ్గరికి వెళ్లి మొదటి ముడి విప్పింది. ఆ తర్వాత రెండోది. మూడో ముడి బిగుసుకుపోయింది, పంటితో లాగింది. నాలుగూ విప్పి కొంగులో మూట కట్టుకుంది.

"ఈ నాలుగిట్ల ఆయన ఉన్నడు గద" అంది. "మిగిలినోళ్లను ఒక్కళ్లను ఈడ ఇడిసిపెట్టి ఎట్ల పోను? దువా నలుగురికి చేస్త."

పసరు ఇవ్వడం ఆ రోజుతో ఆపేసింది ఈదమ్మ. జనం మాత్రం వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ల చేత పీలిక కట్టిస్తుంది, లేకపోతే ఆమె మాట వినరు. కట్టించి పద్మజ దగ్గరికి పంపుతుంది. అన్నం, పప్పు మామూలుగా తినమంటుంది. మింగుతున్న గోలీలన్నీ ఒక్కటి దాచకుండా డాక్టరమ్మకు చెప్పమని ఒట్టేయించుకుంటుంది. వాళ్లు వచ్చి విప్పుకునేదాకా ఆగదు. పదిహేనో రోజు నా మోపెడ్ వెనక కూర్చుని తనే వాళ్ల గుమ్మం ముందు దిగుతుంది. "ఉన్నవా?" అని పిలుస్తుంది. లోపలి నుంచి గొంతు వినపడేదాకా ఆమె ఊపిరి తీసుకోదు. నాకు మోపెడ్ మీది నుంచే తెలుస్తూ ఉంటుంది.

మొన్న చూశాను, కిటికీకి ఒక్క పీలికా లేదు. అయినా ఈదమ్మ బిందె చంకన పెట్టుకుని ఇల్లంతా చుట్టి పెరటి తలుపు నుంచే లోపలికి వెళ్లింది.