బీరువా మీద పచ్చ లైటు

బొబ్బిలి దగ్గర మా హైస్కూల్లో సరైన తాళం ఉన్న గది లైబ్రరీ ఒక్కటే. అందుకని పక్కన కంప్యూటర్ గది పెట్టినప్పుడు, దానికి నెట్ ఇచ్చే డబ్బాను తెచ్చి లైబ్రేరియన్‌నైన నా పుస్తకాల బీరువా మీద పెట్టారు. నా పిల్లల్ని లాక్కుపోయే వస్తువుకి నేనే కాపలా అన్నమాట.

పిల్లలంటే అందరూ కాదు, నిజం చెప్పాలి. పదో తరగతి అమ్మాయి ఒకతె. ఆరో తరగతి నుంచీ మధ్యాహ్నం భోజనం అవగానే చేతులు చున్నీకి తుడుచుకుంటూ వచ్చి, "తరవాతేటి సదవమంటారు మేడమ్?" అని అడిగేది. ఆ ఒక్క ప్రశ్న కోసం ముందురోజే పుస్తకం వెతికి పెట్టుకునేదాన్ని. అలాంటి పిల్ల, ఏది కావాలన్నా పక్క గదిలో స్క్రీన్‌నే అడగడం మొదలెట్టింది. పాతికేళ్ల కంప్యూటర్ సారు పక్కన నిలబడి "శభాష్" అంటుంటే, గోడకి ఇవతల నేను కళ్లల్లో నిప్పులు పోసుకునేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక డబ్బా స్విచ్ ఆపేశాను. "నెట్ ఎల్లిపోనాది" అని అటునుంచి గోల. అయిదు నిమిషాల్లో ఆ పిల్ల వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇంకేముంది, వారానికి రెండుసార్లయినా ఆపడం అలవాటైపోయింది. సారు పాపం నెట్ వాళ్లకి ఫోన్ల మీద ఫోన్లు చేసేవాడు. "మన ఊళ్లో ఇంతేనండి" అని నేను జాలి కూడా చూపించేదాన్ని.

పబ్లిక్ పరీక్షల ముందు ఒక మధ్యాహ్నం స్విచ్ మీద చెయ్యి వేశానో లేదో, గుమ్మంలో ఆ పిల్ల నిలబడి ఉంది.

"ఇయాల ఆపకండి మేడమ్. హాస్టల్ కాలేజీ సీటుకి అప్లికేషన్ పెట్టాలి. ఇదే ఆకరి రోజు."

సిగ్గుతో నా తల వాలిపోయింది. "ఎప్పట్నుంచి తెలుసు?" అని మాత్రం అడిగాను.

"మొదట్నించీ తెలుసు. కంప్యూటర్ గది కిటికీలోంచి ఆ డబ్బా మీద పచ్చ లైటు కనపడతాది గదా. మీరు బీరువా కాడికెల్తే ఆరిపోతాది." గొంతు తగ్గించి, "సారుకి సెప్పలేదు లెండి. అది ఆరినప్పుడల్లా మీరు పిలుత్తన్నారనుకుని వచ్చీదాన్ని" అంది.

చెయ్యి తీసేశాను. ఆ పిల్ల పక్క గదిలోకి వెళ్లిపోయింది. అప్లికేషన్ వెళ్లిందని వచ్చి చెప్పేదాకా, ఆ లైటు ఎక్కడ ఆరిపోతుందోనని దాన్నే చూస్తూ కూర్చున్నాను.