ఉప్పు గీతల మైదానం

నిన్న మధ్యాహ్నం మన ఊరి వాలీబాల్ క్లబ్బు పేరున మైదానం రిజిస్టరైంది. గ్రూపులో పెట్టిన ఫొటోలో తెల్లటి సున్నం గీతలు చూశాక ఉప్పు గుర్తొచ్చింది.

మీకూ గుర్తుందా? సున్నం కొనలేక, నౌపడ ఉప్పుమడుల దగ్గర రాలిన ఉప్పు తెచ్చి గీతలు గీసేవాళ్లం. ఆట సగంలో ఆవులొచ్చి వాటిని నాకేసేవి.

ఆ స్థలం కిరాణా సావుకారుది. ఒక సాయంత్రం మనల్ని ఖాళీ చేయించడానికే వచ్చాడు. అప్పుడే బంతి లోపల పడిందా, బయట పడిందా అని పక్క ఊరివాళ్లతో తగువు. అక్కడ గీతే లేదు.

"సావుకారు మావా, నువ్వే సెప్పు!" అన్నాడు మన కెప్టెన్ అప్పన్న.

"నన్నడుగుతారేటిరా? గీత తిన్న ఆవునడగండి!"

అందరం నవ్వాం, ఆయనా నవ్వాడు. చివరిదాకా గట్టుమీద కూర్చుని తీర్పులు చెప్పాడు, అదీ మనకు వ్యతిరేకంగానే. లేస్తూ, "రేపెన్నింటికిరా ఆట?" అన్నాడు. ఖాళీ చేయమనే మాట మళ్లీ ఎత్తలేదు.

ఆయన పోయాక స్థలం కొడుకు చేతికొచ్చింది. నిన్న దాన్ని క్లబ్బుకు రాసిస్తూ సంతకం పెట్టింది ఆ కొడుకే.

ఇన్నేళ్లూ పరాయి నేల కదా అని వెదురు గుంజలే పాతాం, ఆట అవగానే పీకేశాం. ఈ ఆదివారం ఉదయం ఇనుప స్తంభాలు నిలబెట్టి సిమెంటు పోస్తున్నారు.