మస్తానమ్మను అడిగి ఎక్కండి: ఉదయగిరి దుర్గం మీద నేను దాచిన డబ్బా

మూడు నెలల్లో మూడోసారి నా ఫోనులో అదే మాట కనిపించింది. "గడ్డి బాగా పెరిగింది. దొరకలేదు." జియోకాషింగ్ అంటే తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ఎవరో ఒకరు ఒక చిన్న డబ్బాను ఆరుబయట దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను యాప్‌లో పెడతారు. మిగతావాళ్ళు ఆ అంకెలు పట్టుకుని వెళ్ళి, వెతికి, డబ్బాలో ఉన్న నోటుపుస్తకంలో సంతకం చేసి, కావాలంటే లోపలి వస్తువు ఒకటి తీసుకుని బదులుగా తమది ఒకటి వేసి, డబ్బాను మళ్ళీ అక్కడే పెట్టి వస్తారు. అంతే ఆట. నేను ఆత్మకూరులో సైన్సు టీచర్ని. రెండేళ్ళ కిందట మార్చి నెలలో ఉదయగిరి దుర్గం మీద ఒక ఎర్ర టిఫిన్ డబ్బా దాచి, "విరిగిన గోడ పట్టుకుని ఎడమవైపు ఇరవై అడుగులు" అని ఆనవాలు కూడా రాసి పెట్టాను. మా జిల్లా పడమటి పక్కన అలాంటి డబ్బా పెట్టింది నేనేనని కాస్త గర్వం కూడా ఉండేది. అందుకే ఆ మూడో ఆయనకు వెంటనే జవాబు రాశాను: "ఇంకాస్త ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది." ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

ఆ మర్నాడే బెంగుళూరు నుంచి ఒకావిడ రాసింది. పదకొండేళ్ళ కూతురితో కలిసి డిసెంబరు రెండో శనివారం వస్తోందట. ఇద్దరికీ ఇదే మొదటి వెతుకులాట. "డబ్బా ఉందా అండీ? పాప చాలా ఆశ పెట్టుకుంది" అని అడిగింది. ఉందనే నా నమ్మకం. కానీ ముక్కూ మొహం తెలియనివాళ్ళు నా మాట పట్టుకుని అంత దూరం వస్తుంటే, కళ్ళతో చూడకుండా ఉందని ఎలా చెప్పను? ఒక వారం ముందే వెళ్ళి చూసి రావాలనుకున్నాను. తోడుగా మా వదిన రూతమ్మను పిలిచాను. మా ఆయన అక్క. ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి సూదులు వేసిన నర్సు, ఈమధ్యే రిటైరైంది. నడకలో నాకంటే గట్టి మనిషి, మాటలో ఇంకా గట్టి.

డిసెంబరు మొదటి శనివారం ఐదున్నరకు ఆత్మకూరులో బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ కార్డు మాత్రం మరిచిపోకండి. మగవాళ్ళు వంద నోటు దగ్గర పెట్టుకుంటే చిల్లర మిగులుతుంది. ఉదయగిరి చేరేసరికి ఏడు దాటింది. బస్టాండు దగ్గర నలభై రూపాయల కారం దోశ తిన్నాం. కొండ ఎక్కేవాళ్ళు కడుపు నిండా కాకుండా ముప్పాతిక నిండేలా తినాలని మా వదిన సిద్ధాంతం. నా దోశలో ఆ పాతిక భాగం ఆవిడే తినేసింది. అక్కడి నుంచి కొండ మొదలుకు ఆటోకి అరవై రూపాయలు ఇచ్చాం.

కొండ మొదట్లో రేకుల పందిరి కింద మస్తానమ్మ టీ అంగడి ఉంది. అరవై దాటిన మనిషి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని పాలు తిరగపోస్తోంది. పందిరి గుంజకు నల్ల హెల్మెట్ ఒకటి వేలాడుతోంది. మా బూట్లూ, చేతికర్రలూ, వీపు మీది సంచులూ చూసి అడిగింది.

"ఏంది, మీరు గూడా ఆ డబ్బా కోసరమేనా?"

"ఏ డబ్బా పెద్దమ్మా?" అన్నాను అమాయకంగా.

"ఎవడో పైన డబ్బా పెట్టి పోయినాడంట. దాన్ని ఎతకను ఫోన్లు పట్టుకోని ఎక్కతా ఉండారు. మూడు వారాల కిందట నెల్లూరాయన ఒకడు వచ్చినాడు. టీ తాగి, ఇదో, ఈ టోపీ నా కాడ పెట్టి, పన్నెండుకల్లా దిగుతానన్నాడు. రెండయింది, మూడయింది, టోపీ ఈడ్నే ఉండాది, మనిషి లేడు. మేకలోళ్ళను పంపిస్తే, గడ్డిలో కాలుజారి గోడ కింద పడి ఉండాడు. మడమ ఎముక చిట్లింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. అరిచి అరిచి గొంతు గూడా పోయింది. నలుగురు మోసుకోని దించినారు." గరిటెతో పొయ్యి అంచు మీద టంగున కొట్టింది. "ఆ డబ్బా పెట్టినోడు నా కంట బడాల, అప్పుడు చెప్తా!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి ఊరికే సంచీ పట్టీ మీదికి పోయింది. వదిన టీ గ్లాసు వెనక నవ్వు దాచుకుంటోంది. నేను ఇరవై రూపాయలు ఇచ్చి లేచాను.

"చెప్పకపోయినావా, ఆ పెట్టినోడు నువ్వేనని?" అంది వదిన, పది మెట్లు ఎక్కాక.

"ఆయన దారి తప్పి ఉంటాడు వదినా. నా అంకెలు సరిగ్గానే ఉన్నాయి."

"నీ అంకెలు సరైనవే. ఆయప్ప కాలే తప్పు."

సరంజామా సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే దాంట్లో మాత్రం నాకు వంక పెట్టడానికి లేదు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు, వేరుశెనగ ఉండలు, చీలమండ దాకా పట్టి ఉంచే బూట్లు, నిండు చేతుల చొక్కాలు, తలకు తువ్వాలు, ఒక ఈల, పట్టీలు, దూది, ఫోనుకు అదనపు బ్యాటరీ. మ్యాపు ముందే ఫోనులో దించుకున్నాను, ఎందుకంటే మొదటి అరగంట తర్వాత సిగ్నల్ మీద ఆశ వదులుకోవాల్సిందే. పాత మెట్లు కొన్నిచోట్ల గట్టిగా ఉన్నాయి, కొన్నిచోట్ల వానకు కదిలి అడుగు వేస్తే ఊగుతున్నాయి. బొమ్మజెముడు పొదలు దారి మీదికి వాలాయి. వదిన ముందు నడుస్తూ ప్రతి అడుగుకీ ముందు కర్రతో నేలను తట్టేది. పాములకు మనం వస్తున్న కబురు అందాలంటుంది. బండ సందుల్లో చెయ్యి పెట్టేముందు కూడా కర్ర పెట్టి కదిలించాలి. ఈ ఆటలో చేతులు పెట్టేవన్నీ అలాంటి సందులే.

ఎండ ముదరకముందే, పది గంటలలోపు, నేను డబ్బా దాచిన మలుపు దగ్గరికి చేరాం. కోటగోడల్లో గానీ, గుళ్ళలో, మసీదుల్లో గానీ దాచకూడదనేది ఈ ఆటలో నియమం. అందుకే దూరంగా ఒక పెద్ద బండ చీలికలో పెట్టాను. పక్కన మేకలవాళ్ళు ఎప్పుడో పేర్చుకున్న రాళ్ళ గోడ ఒకటి విరిగి ఉండేది, నా ఆనవాలు అదే. మార్చిలో ఇక్కడ గడ్డి ఎండి నేలకు అంటుకుని ఉండింది. ఇప్పుడు నడుముదాకా పచ్చగా ఊగుతోంది, గోడ జాడే లేదు. ఫోను చూశాను. ఎదురుగా తొమ్మిది మీటర్లు అంది.

"ఇదిగో, ఇటే వదినా" అని గడ్డిలోకి అడుగు వేశాను.

"ఆగు." వదిన నా కన్నా ముందుకు కర్ర చాపి తట్టింది. తట్టిన చప్పుడు రాలేదు. కర్ర సగం దాకా దిగబడిపోయింది.

గడ్డిని మెల్లగా పక్కకు వంచి చూశాం. నా ఆనవాలు గోడ నవంబరు వానలకు కూలి, తను నిలబడిన నేలను కూడా వెంట తీసుకుపోయింది. నిలువెత్తు లోతు, అడుగున అవే రాళ్ళు. అంచు మీద గడ్డి దుప్పటి కప్పినట్టు వాలి ఉంది. అవతల రాళ్ళ మధ్య ఎవరిదో నీళ్ళ సీసా, మూత లేకుండా పడి ఉంది. నెల్లూరాయన దారి తప్పలేదు. నేను చెప్పిన దారిలోనే, నేను చెప్పినన్ని అడుగులే వేశాడు.

వెనక్కి వచ్చి బండకు ఆనుకుని కూర్చున్నాను. వచ్చే శనివారం ఇక్కడికి రాబోయే పదకొండేళ్ళ పాప కళ్ళ ముందు కదిలింది. పిల్లలు మెల్లగా నడవరు, డబ్బా దగ్గరైందని ఫోను చెబితే పరుగెత్తుతారు. వదిన నీళ్ళలో ఓఆర్ఎస్ కలిపి ఇచ్చి, తాగేదాకా నిలబడింది.

కాసేపటికి నాలో టీచరు లేచింది. లోపం ఎక్కడో పట్టుకోవాలి. పైదారి నుంచి చుట్టి, గట్టి బండ మీదుగా వెళితే చీలికలో ఎర్ర డబ్బా చెక్కుచెదరకుండా ఉంది. దాని పక్కన నిలబడి ఫోను చూస్తే, అంకెలు నేను యాప్‌లో పెట్టినవి కావు. అంత పెద్ద బండ పక్కన నిలబడితే ఉపగ్రహ సంకేతం బండకు తగిలి తిరిగి వస్తుంది, ఫోను తడబడుతుంది. ఆ తేడాయే మనుషుల్ని అంచు వైపు పంపింది. ల్యాబులో పిల్లలచేత ప్రతిదానికీ మూడు రీడింగులు తీయించి సగటు కట్టించే నేను, ఆరోజు ఎండకు విసుగేసి ఒక్కసారే కొలిచి దిగిపోయాను. ఈ సంగతి వదినకు చెబితే, "అయితే నీకు సున్నా" అంది. సున్నాయే.

డబ్బా సంచీలో వేసుకుని దిగాం. పన్నెండు కావస్తుండగా మస్తానమ్మ పందిరి కింద కూర్చున్నాం. టీ తాగేదాకా ఆగితే ధైర్యం చాలదని ముందే చెప్పేశాను.

"పెద్దమ్మా, ఆ డబ్బా పెట్టింది నేనే."

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వా? ఏం జేస్తావు నువ్వు?"

"టీచర్ని."

"పిల్లకాయలకు పాఠాలు జెప్పేదానివి, మడుసుల్ని గోతిలోకి దోల్తావా?" అంది. వదిన ఈసారి నవ్వలేదు. మస్తానమ్మ కాసేపు మంట ఎగదోసి, "ఏముండాది అందులో? చూపీ" అంది. మూత తీశాను. సంతకాల పుస్తకం, పెన్సిలు, రెండు గోళీలు, ఉదయగిరి కొయ్య స్పూను ఒకటి. "థూ! కొండను తవ్వి ఎలకను పట్టినట్టుండాది. దీనికోసరమా ఆయప్ప కాలిరగ్గొట్టుకున్నేది?" అంటూనే పుస్తకంలో పేజీలు తిప్పింది. "ఇందరు వచ్చిపోయినారా మా కొండకి?"

ఆ మాటతోనే నాకు దారి దొరికింది. ఆయన్ను బతికించింది ఫోను కాదు, నా అంకెలు కాదు. గుంజకు వేలాడే హెల్మెట్, దాన్ని చూసి గంటలు లెక్కపెట్టిన ఈవిడ. అలాంటప్పుడు ఈవిడకు తెలియకుండా ఎవరైనా ఎందుకు ఎక్కాలి? నా ఆలోచన చెప్పాను. డబ్బా కొత్త చోట పెడతాను. ఆ చోటి అంకెల్లో చివరి రెండూ యాప్‌లో పెట్టను, అవి ఈవిడ దగ్గరే ఉంటాయి. వెతికేవాళ్ళు వచ్చి అడిగి తీసుకోవాలి.

మస్తానమ్మ ఆలోచించింది. "ఊరికే చెప్పను. రెండు లీటర్ల నీళ్ళు నా కళ్ళకు చూపియ్యాల. ఎన్నింటికి దిగతారో చెప్పాల. చెప్పులేసుకోనొచ్చినోళ్ళకు లేదు. పొద్దు రెండు దాటినాక వస్తే అసలే లేదు. ఏమంటావు?"

నేను పెట్టగలిగిన పరీక్షకంటే గట్టి పరీక్ష. సరేనన్నాను. చోటు కూడా తనే చూపిస్తానని, పొయ్యి పక్కింటావిడకు అప్పజెప్పి మాకన్నా ముందు మెట్లెక్కింది. పావుగంట నడిచాక ఒక బల్లపరుపు బండ దగ్గర ఆగింది. "ఈడ పెట్టు. ఈడ మెట్టు గట్టిది, వాన ఏం జెయ్యదు. చూడు, నా అంగడి కనపడతాది. ఈల ఏస్తే నాకు ఇనపడతాది." నేను ఈల వేసి చూశాను. అంగడి దగ్గర నుంచి పక్కింటావిడ చెయ్యి ఊపింది. ఈసారి పది నిమిషాలకొకటి చొప్పున మూడు రీడింగులు తీసుకున్నాను, వదిన పక్కన నిలబడి లెక్కపెట్టింది. మూడున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. సాయంత్రానికి బస్సులు పలచబడతాయి, మీరూ నాలుగులోపు బస్టాండులో ఉండేలా చూసుకోండి.

ఎక్కడికి వెళ్ళాలో ఫోను చెబుతుంది. అక్కడికి వెళ్ళిన మనిషి తిరిగొచ్చాడో లేదో చూసుకునే పని మాత్రం మనిషిదే. డబ్బా దాచడం సరదా అనుకున్నాను గానీ, దాచిన ప్రతిచోటికీ ముక్కూ మొహం తెలియని నలుగురిని పిలిచినట్టేనని ఆరోజే అర్థమైంది. పిలిచినవాళ్ళు ఎండలోనూ, వానలోనూ, గడ్డి పెరిగినప్పుడూ దారి చూసి ఉంచాలి. ఇప్పుడు ప్రతి వాన తర్వాతా వెళ్ళి చూస్తున్నాను, భయపడుతూ కాదు, బాగా కుదిరిన పనిని మరోసారి చూసుకున్నట్టుగా. మీకు ఒకే ఒక్క సలహా: ఏ కొండ ఎక్కినా, మీరు తీసుకోకుండా ఇంటికి పోలేని వస్తువు ఒకటి కింద ఉన్న మనిషి చేతిలో పెట్టి, దిగే టైము చెప్పి ఎక్కండి.

ఆ శనివారం ఒంటిగంటకు మస్తానమ్మ ఫోను చేసింది. "తల్లీ కూతురూ ఎక్కినారు, ఇద్దరూ దిగినారు. పాప నీ స్పూను తీసుకోని గాజు పెట్టింది" అంది. నెల్లూరాయనకు నేను క్షమాపణ రాసి, ఆ "ఓపిగ్గా వెతికితే" అన్న జవాబును చెరిపేశాను. దొరకలేదని మూడోసారి రాసింది ఈయనేనట; ఆ జవాబును ఆసుపత్రి మంచం మీద చదివాడట. వారం దాకా ఏమీ రాయలేదు. తర్వాత ఒక్క ముక్క వచ్చింది: "హెల్మెట్ అక్కడే ఉంచమనండి. కాలు నయమయ్యాక అంకెలు అడగడానికి వస్తాను."