నీళ్ళు తెచ్చేదాకా ఊరి బయటే

నిన్న పొద్దున నా భార్య లలిత టీ తాగి, పనికి వెళ్ళే సంచీ సర్దుకుంది. చెప్పులు వేసుకోబోతూ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఛాతీలో పట్టేసినట్టుంది" అంది.

మా ఊరు దోర్నపాల్ నుంచి సుక్మా హాస్పిటల్‌కి బయలుదేరాం. దారిలోనే పోయింది. డాక్టర్ చెప్పిన మాట నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

సాయంత్రం శబరి నది ఒడ్డున దహనం చేశాం.

ఫోన్ చేసిన అందరితోనూ మాట్లాడలేకపోయాను. అందుకే ఈ పోస్ట్.

లలిత పని ఏమిటో మీలో చాలామందికి సరిగ్గా తెలియదు. ఆపదలో ఉన్న ఆదివాసీ పిల్లలు తమ వాళ్ళ దగ్గరే, తమ భాషలోనే, క్షేమంగా పెరిగేలా చూడటం.

కొత్తలో ఒకసారి ఆఫీస్ జీపులో నేరుగా ఒక అడవి పల్లెలో జోగమ్మ అనే అవ్వ వాకిట్లోకి వెళ్ళిందట. పిల్లలందరూ అడవిలోకి పరుగు. అవ్వ ఒక్కతే నిలబడి అడిగిందట.

"బండెందుకు తెచ్చినవ్ బిడ్డా? మా పిల్లల్ని ఎత్తుకపోతందుకా?"

లలిత ఈ సంగతి నవ్వుతూ చెప్పేది. కానీ ఆ తర్వాత ఏ ఊళ్ళోకీ బండి తీసుకెళ్ళలేదు. ఊరి బయట ఆపి, అక్కడే కూర్చునేది. ఎవరైనా రమ్మన్నట్టు చెంబుతో నీళ్ళు తెస్తేనే లోపలికి.

తేకపోతే తిరిగొచ్చేసేది. మళ్ళీ వెళ్ళేది.

ఇప్పుడు ఆ అవ్వ మనవరాలి గురించే కేసు. తల్లీ తండ్రీ లేని పిల్ల. బడికి పంపడం లేదని, చీకటితోనే అడవిలో తిప్పుతోందని ఎవరో ఫిర్యాదు చేశారు. పిల్లను అవ్వ దగ్గర ఉంచాలా, దూరంగా టౌన్‌లో హోమ్‌కి పంపాలా అన్నది రేపు సుక్మాలో పిల్లల సంక్షేమ కమిటీ తేలుస్తుంది.

"ఇది ఇప్పపూల కాలం. అవ్వ చీకటితోనే ఏరడానికి పోవాలి. పిల్లను ఒంటరిగా వదల్లేకే వెంట తీసుకెళ్తోంది" అనేది లలిత.

అవ్వకు హిందీ రాదు. ఆమె మాట్లాడే దోర్లీ భాష మన తెలుగుకు దగ్గరే. రేపు ఆమె మాటను హిందీలో చెప్పాల్సింది లలిత. కమిటీని అడిగాను. లలిత బదులు నేను చెప్పవచ్చు అన్నారు.

లలిత అక్క, మా వదిన, ఊరుకోలేదు. "ఏంది మరిదీ, రేపు మూడోరోజు చిన్నకర్మ పెట్టుకొని మైలల గడప దాటుతవా?"

తిరిగొచ్చాక చేద్దామన్నాను.

కానీ అవ్వనూ పిల్లనూ సుక్మా తీసుకెళ్ళడానికి ముందు వాళ్ళ ఊరికి వెళ్ళాలి. అక్కడ మైల పట్టింపు ఎలాంటిదో నాకు తెలియదు. లలిత అయితే ముందు అడిగేది. అవ్వ పక్కింటి వాళ్ళ ఫోన్‌కి చేసి ఆమెనే అడిగాను, మైలలో రావచ్చా అని.

అవ్వ ఏడుస్తోందని గొంతులో తెలిసింది.

"లలితమ్మ లెక్క మాట్లాడొస్తదా నీకు?"

"రాదు అవ్వా. నువ్వు చెప్పిందే చెప్తా."

"గట్లైతే రా. ఊరి బయట ఆగు. నీళ్ళు నేనే తెస్తా."

లలితా, నీ సంచీ నేను తీసుకెళ్తున్నాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

రేపు పొద్దున్నే బయలుదేరతాను. బండి ఊరి బయటే ఆపుతాను. అవ్వ నీళ్ళు తెచ్చేదాకా కూర్చుంటాను.